నివురు గప్పిన నిప్పును చూపు ఇనుప రేణువులు

కాలికి ముల్లు గ్రుచ్చుకొనినచో ఒకటి రెండు దినములలో ఆ చోటు ఎఱ్ఱబడును, వాచును, వేడెక్కును, సలుపు పుట్టును. ఈ నాలుగు గుర్తులు కనబడినప్పుడు లోపల ఏదియో జరుగుచున్నదని చెప్పుటకు వైద్యుడు అవసరము లేదు. ఇంటనున్న పెద్దలే చెప్పగలరు. కాని అదే వ్యవహారము గుండె నుండి వచ్చు రక్తనాళపు గోడలోనో, మెదడులోనో, క్లోమములోనో జరిగినచో ఎట్లు తెలియును? అచ్చట ఎఱ్ఱదనము కంటికి కనబడదు. వేడి చేతికి తగులదు. అనేక పర్యాయములు నొప్పియు తెలియదు. నివురు గప్పిన నిప్పువలె అది లోలోపల రగులుచుండి, ఒకనాడు ప్రాణము మీదికి తెచ్చును.

ఈ దాగిన నిప్పును దేహమును కోయకుండ బయటి నుండియే చూచుటకు శాస్త్రజ్ఞులు ఒక ఉపాయమును కనుగొనిరి. ఇనుమును అతి సూక్ష్మములైన రేణువులుగా చేసి, రక్తములోనికి ఎక్కించి, అవి ఎచ్చట చేరినవో బలమైన అయస్కాంతపు సాయముతో చిత్రము తీయుటయే ఆ ఉపాయము. ఈ వ్యాసమున దానిని గూర్చి వివరింప దలచితిమి.

పంచాయతీ సభ్యులకు ఈ సంగతి యెందుకని కొందరు అడుగవచ్చును. నేడు గ్రామముల నుండి అనేకులు పట్టణములకు పోయి ‘ఎమ్మారై’ స్కానింగు తీయించుకొనుచున్నారు. ‘మందు ఎక్కించి తీయవలెను, ఈ కాగితము మీద సంతకము చేయుడు’ అని ఆసుపత్రి వారు అడిగినప్పుడు ఆ కుటుంబము వారు తరచుగా తమ వార్డు సభ్యునికో, సర్పంచునకో కబురు చేయుదురు. ఆ సంతకము దేనికో, ఆ మందు ఏమి చేయునో తెలిసినవారు ఊరికి కొందరైనను ఉండుట మంచిది.

శోథమనగా నేమి?

పైన చెప్పిన నాలుగు గుర్తులతో కూడిన స్థితిని వైద్యులు శోథమందురు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమునందే రోము దేశపు గ్రంథకర్త సెల్సస్ ఎఱ్ఱదనము, వాపు, వేడి, నొప్పి అను నాలుగింటిని దీని లక్షణములుగా వ్రాసియుంచెను. కాని లోపల పని చేయునది ఎవరో పందొమ్మిదవ శతాబ్దము వరకు తెలియలేదు. 1882లో రష్యా దేశపు జీవశాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణమున నుండి, గాజువలె పారదర్శకమైన నక్షత్రపు చేప పిల్ల దేహములోనికి ఒక చిన్న ముల్లును గ్రుచ్చి ఉంచెను. మరునాటి ఉదయమున సూక్ష్మదర్శినిలో చూడగా ముల్లు చుట్టును సంచార కణములు మూగియుండెను. పరాయి వస్తువులను చుట్టుముట్టి మ్రింగివేయు ఇట్టి కణములను గూర్చి చేసిన కృషికి ఆయనకు 1908లో నోబెల్ బహుమానము లభించెను.

మన దేహమునను ఇట్టి భక్షక కణములు గలవు. సూక్ష్మజీవులు ప్రవేశించినను, దెబ్బ తగిలినను, కణములు చచ్చి పడినను ఇవి అచ్చటికి పోయి చెత్తనంతయు మ్రింగి శుభ్రపరచును. ఇది దేహమునకు మేలు చేయు పనియే. కాని పని ముగిసిన పిమ్మట వెడలిపోవలసిన కణములు అచ్చటనే తిష్ఠ వేసికొనినచో కీడు మొదలగును. రక్తనాళపు గోడలో క్రొవ్వు చేరినచోట భక్షక కణములు గుమిగూడి ఆ గోడను లోలోపల బలహీనపరచును. అది పగిలినచో రక్తము గడ్డకట్టి గుండెపోటునకో, పక్షవాతమునకో దారి తీయును.

సాధారణమైన స్కానింగులు అవయవము యొక్క ఆకారమును, పరిమాణమును చూపును. నాళము ఎంత ఉబ్బినదో, ఎంత ఇరుకైనదో చెప్పును. కాని లోపల ఇంకను రగులుచున్నదా, చల్లారినదా అనునది వేరు ప్రశ్న. పరిమాణమొక్కటే యైన రెండు ఉబ్బులలో ఒకటి ఏండ్ల తరబడి అట్లే యుండవచ్చును. మరియొకటి త్వరలో పగులవచ్చును. భక్షక కణములు ఎచ్చట గుమిగూడినవో చూడగలిగినచో ఈ రెండవ ప్రశ్నకు సమాధానము దొరకునని శాస్త్రజ్ఞులు ఆశించిరి.

అయస్కాంతముతో చిత్రము తీయుట

మానవ దేహములో సుమారు నూటికి అరువది పాళ్లు నీరే. నీటియందలి ప్రతి అణువులోను రెండు హైడ్రోజను పరమాణువులుండును. ఆ పరమాణువుల కేంద్రములు ఒక్కొక్కటియు చిన్న సూదంటురాయి వంటిది. ఎమ్మారై యంత్రములోని అయస్కాంతము సాధారణముగా 1.5 టెస్లాల బలము గలది. అనగా భూమికి సహజముగా గల అయస్కాంత బలమునకు సుమారు 30,000 రెట్లు. అంతటి బలములో రోగిని పరుండబెట్టినప్పుడు ఆ చిన్న సూదంటురాళ్లలో కొన్ని ఒకే దిక్కునకు తిరిగి నిలుచును. అప్పుడు రేడియో తరంగములను పంపి వానిని కదలించి, మరల అవి తమ స్థానమునకు వచ్చునప్పుడు వెలువడు సంకేతములను యంత్రము పట్టుకొనును. క్రొవ్వునందు, కండరమునందు, వాచిన చోట ఈ సంకేతములు వేరువేరుగా నుండును. ఆ భేదమే చిత్రముగా కనబడును. ఇందులో ఎక్సు కిరణముల వాడుక లేదు.

ఈ విద్యకు మూలమైన సూత్రమును 1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా కనుగొనిరి. వారికి 1952లో నోబెల్ బహుమానము వచ్చెను. మన దేశమునకును ఈ చరిత్రలో పాత్ర కలదు. 1951లోనే బెంగుళూరునందలి భారత విజ్ఞాన సంస్థలో సూర్యన్ అను శాస్త్రజ్ఞుడు ప్రవహించు ద్రవములలో ఈ సంకేతములు ఎట్లు మారునో పరిశోధించి ప్రకటించెను. 1973లో అమెరికాలో లాటర్‌బర్ ఈ సంకేతములతో చిత్రమును నిర్మించు పద్ధతిని చూపెను. ఇంగ్లండులో మాన్స్‌ఫీల్డు దానిని అభివృద్ధి చేసెను. వీరిరువురికి 2003లో నోబెల్ బహుమానము లభించెను.

మందు ఎక్కించుట ఎందుకు?

కొన్ని పర్యాయములు వ్యాధిగల భాగమునకును, దాని ప్రక్కనున్న భాగమునకును చిత్రములో తగినంత తేడా కనబడదు. ఆ తేడాను స్పష్టపరచుటకు నరములోనికి ఎక్కించునదే కాంట్రాస్టు మందు. 1988 నుండి వాడుకలోనున్న మందులలో ముఖ్యమైనది గడోలినియము అను లోహముతో చేసినది. రక్తనాళములు కారుచున్న చోట ఇది చేరి చిత్రములో తెల్లగా మెరయును. అనేక వ్యాధుల నిర్ణయములో దీని మేలు చాల గొప్పది.

అయితే ఈ మందు దేహము నుండి ముఖ్యముగా మూత్రపిండముల ద్వారా వెలుపలికి పోవలెను. మూత్రపిండములు బాగుగా చెడినవారిలో కొందరికి ఈ మందు పిమ్మట చర్మము, కీళ్లు గట్టిపడి బిగిసిపోవు అరుదైన వ్యాధి వచ్చుచున్నట్లు 2006లో ఐరోపా వైద్యులు గమనించిరి. తరువాత 2017లో ఐరోపా ఔషధ సంస్థ ఇట్టి పాత మందులలో కొన్నింటి వాడుకను నిలుపుదల చేసెను. అణువు వలయముగా నుండు తరగతికి చెందిన గడోలినియపు మందులలో ఈ ప్రమాదము మిక్కిలి అరుదు. ఐనను, మూత్రపిండముల స్థితిని చూడకుండ మందు ఎక్కించరాదను నియమము స్థిరపడినది.

ఈ నియమము మనకు పరాయిది కాదు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము ప్రాంతమున, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలములందలి గ్రామములలో, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అనేక కుటుంబములను పట్టి పీడించుచున్నది. దాని కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. అట్టి గ్రామముల వారు స్కానింగునకు పోయినప్పుడు మొదట చెప్పవలసిన మాట మూత్రపిండములను గూర్చియే. మూత్రపిండముల మీద ఆధారపడని మందు కావలెనన్న కోరిక కూడ శాస్త్రజ్ఞుల దృష్టిని ఇనుము వైపునకు త్రిప్పిన కారణములలో ఒకటి.

రేణువు యొక్క స్వరూపము

ఒక మీటరును వంద కోట్ల భాగములు చేసినచో అందొక భాగమును నానోమీటరందురు. మన తల వెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఇచ్చట వాడు ఇనుప భస్మపు గింజ 5 నుండి 10 నానోమీటర్లు మాత్రమే. దానిపై చక్కెర జాతికి చెందిన డెక్స్‌ట్రాను వంటి పదార్థముతో పూత పూయుదురు. పూతతో కలిపి 20, 30 నానోమీటర్లుండు రేణువులను వెంట్రుక మందము మేర వరుసగా పేర్చినచో రెండు వేలకు పైగా పట్టును.

ఇంత చిన్న గింజకు ఒక విచిత్రమైన గుణము కలదు. సూదిని సూదంటురాతికి రుద్దినచో, రాయిని తీసివేసిన పిమ్మటను సూదిలో ఆకర్షణ మిగిలియుండును. ఈ నానో రేణువులు అట్లు కావు. అయస్కాంతము దగ్గరనున్నంతవరకు బలముగా స్పందించును. దూరమైన వెంటనే ఆ గుణమును విడిచిపెట్టును. కావున అవి రక్తములో ఒకదానినొకటి పట్టుకొని ముద్ద కట్టవు. ఇట్టి సూక్ష్మ రేణువుల స్వభావమును 1949లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ నేల్ సిద్ధాంతరూపమున వివరించెను. అయస్కాంత శాస్త్రమునకు చేసిన సేవకు ఆయనకు 1970లో నోబెల్ బహుమానము వచ్చెను.

రక్తములోనికి ఎక్కించిన రేణువులు కొన్ని గంటలపాటు సంచరించును. దారిలో భక్షక కణములు వీనిని పరాయి వస్తువులని యెంచి మ్రింగును. శోథమున్న చోట భక్షక కణములు అధికముగా నుండును కావున ఇనుమును అచ్చట అధికముగా చేరును. ఎక్కించక పూర్వమొక చిత్రమును, ఒకటి రెండు దినముల పిమ్మట మరియొక చిత్రమును తీసి రెంటిని పోల్చి చూచెదరు. ఇనుము చేరిన చోట చిత్రము నల్లబడును. కోలాటములో నడుమ ఒకడు తాళము తప్పించుచున్నచో చుట్టునున్నవారి కోలలు కలియనట్లే, ఇనుప రేణువు తన చుట్టునున్న నీటి సంకేతములను చెదరగొట్టును. ఆ చెదరుటయే నల్లని మచ్చగా కనబడును. మ్రింగబడిన ఇనుము పిమ్మట క్రమముగా దేహమునకు సహజముగా గల ఇనుప నిల్వలో కలిసిపోవును. పెద్దవారి దేహములో మూడు, నాలుగు గ్రాముల ఇనుము ఎల్లప్పుడు ఉండనే ఉండును. స్కానింగునకై ఎక్కించునది సుమారు పావు గ్రాము.

ఇంతవరకు జరిగిన పని

మొదట ఈ రేణువులను కాలేయమును చూచుటకు వాడిరి. ఆరోగ్యమైన కాలేయములో భక్షక కణములు నిండియుండును కావున అది నల్లబడును. వ్రణము పెరిగిన చోట అవి లేకపోవుటచే ఆ భాగము తెల్లగనే నిలుచును. 1996లో అమెరికా ప్రభుత్వము దీనికై ఒక ఇనుప మందును అనుమతించెను. 2008లో దాని తయారీ నిలిచిపోయెను.

గజ్జలలోను, చంకలలోను కట్టు బిళ్ళలు మనకందరకు తెలిసినవే. అట్టి గ్రంథులు దేహములోపలను గలవు. 2003లో అమెరికా, నెదర్లాండ్సు వైద్యులు పౌరుష గ్రంథి క్యాన్సరు గల 80 మందిని ఇనుప రేణువులతో పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. వారిలో 33 మందికి గ్రంథులలోనికి వ్యాధి ప్రాకియుండెను. ఆ 33 మందిని ఈ పద్ధతి గుర్తింపగలిగెను. మామూలు ఎమ్మారై వ్యాధిగల గ్రంథులలో నూటికి 35 మాత్రమే పట్టుకొనగా, ఇనుప రేణువులతో నూటికి 90 పట్టువడెను.

శోథమును గూర్చిన పని అదే కాలమున మొదలయ్యెను. మెడలోని రక్తనాళములలో క్రొవ్వు పేరుకొనిన రోగులకు ఈ రేణువులను ఎక్కించి, శస్త్రచికిత్సలో తీసిన ముక్కలను పరీక్షింపగా రేణువులు భక్షక కణములలోనే యున్నట్లు 2003లో నెదర్లాండ్సు పరిశోధకులు చూపిరి. 2009లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధకులు మరియొక మెట్టెక్కిరి. క్రొవ్వును తగ్గించు అటార్వాస్టాటిన్ అను మందును దినమునకు 80 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన రోగుల నాళములలో 12 వారములకు శోథము తగ్గినట్లు ఇనుప రేణువుల చిత్రములు చూపెను. మందు పని చేయుచున్నదా లేదా అని తెలిసికొనుటకు గుండెపోటు వచ్చువరకు వేచియుండనక్కర లేదని దీనివలన తెలియుచున్నది.

స్కాట్లండు పరీక్ష నేర్పిన పాఠము

వీనియన్నిటిలో మిక్కిలి పెద్ద పరీక్ష స్కాట్లండులో జరిగెను. గుండె నుండి కడుపులోనికి దిగు బృహద్ధమని కొందరిలో ముదిమియందు బుడగవలె ఉబ్బును. పగిలినచో ప్రాణము దక్కుట అరుదు. ఎడింబరో పరిశోధకులు ఇట్టి ఉబ్బు 40 మిల్లీమీటర్లు, లేక అంతకు మించియున్న 342 మందికి ఇనుప రేణువులను ఎక్కించి, 24 నుండి 36 గంటల పిమ్మట చిత్రములు తీసి, రెండేండ్లకు తక్కువ కాకుండ వారిని గమనించి 2017లో ఫలితములను ప్రకటించిరి.

నూటికి 42.7 మందిలో నాళపు గోడ ఇనుమును పట్టుకొనెను. అట్టివారి ఉబ్బు ఏడాదికి సగటున 3.1 మిల్లీమీటర్లు పెరుగగా, మిగిలినవారిది 2.5 మిల్లీమీటర్లు పెరిగెను. ఉబ్బు పగులుటయో, శస్త్రచికిత్స అవసరమగుటయో మొదటివారిలో నూటికి 47.3 మందికిని, రెండవవారిలో 35.6 మందికిని జరిగెను. కావున శోథము ప్రమాదసూచనమే యని రుజువయ్యెను. కాని పరిశోధకులు దాచకుండ మరియొక సంగతిని కూడ చెప్పిరి. ఉబ్బు పరిమాణమును, పొగత్రాగు అలవాటును ముందుగా లెక్కలోనికి తీసికొనినచో, ఇనుప రేణువులు క్రొత్తగా చేర్చిన జ్ఞానము స్వల్పము. ఇనుమును పట్టుకొనినవారిలో నూటికి 38.4 మంది అప్పటికిని పొగ త్రాగువారు. మిగిలినవారిలో 23 మంది.

ఇందులో గ్రామమునకు పనికివచ్చు మాట కలదు. ఉబ్బు పరిమాణమును సామాన్యమైన అల్ట్రాసౌండు పరీక్షయే చెప్పగలదు. చుట్ట, బీడీ, సిగరెట్టు మానుటకు యంత్రమే అక్కరలేదు. ఖరీదైన పరీక్ష లేదని దిగులు పడవలసిన పని లేదు. చేతిలోనున్న చౌక ఉపాయమును వదలివేయుట మాత్రము తప్పు. ఇనుప రేణువుల విలువ నేటికి ముఖ్యముగా పరిశోధనలో కలదు. శోథమును చల్లార్చు మందులు పని చేయుచున్నవో లేదో చూపుటకు ఇవి సాధనములు.

కొరతలును, జాగ్రత్తలును

ఈ పద్ధతిలో కొన్ని చిక్కులు గలవు. గడ్డకట్టిన పాత రక్తము, గాలి, సున్నపు పదార్థము చేరిన చోట్లు సైతము చిత్రములో నల్లగనే కనబడును, ఇనుముతో పొరబడవచ్చును. అందువలననే ఇనుప రేణువులనే నేరుగా వెలుగుగా చూపు క్రొత్త యంత్రపు సూత్రమును 2005లో జర్మనీలోని హాంబర్గులో ఇరువురు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దానిపై పరిశోధన సాగుచున్నది.

నేడు ఎక్కువగా పరీక్షలలో వాడు ఫెరుమాక్సిటాల్ అను మందును అమెరికా ప్రభుత్వము 2009లో మూత్రపిండ వ్యాధిగ్రస్తుల రక్తహీనతకు చికిత్సగా అనుమతించెను. కొందరికి దీనివలన ప్రాణాంతకమైన అలర్జీ కలుగుచున్నందున 2015లో తీవ్రమైన హెచ్చరికను చేర్చిరి. నెమ్మదిగా ఎక్కించి, పిమ్మట అర్ధ గంటయైన రోగిని కనిపెట్టియుండవలెనని నియమించిరి. ఇనుము గనుక హాని లేదని అనుకొనరాదు. శోథమును చూచుటకు ఈ రేణువుల వాడుక నేటికిని ముఖ్యముగా పరిశోధనా కేంద్రముల పని. మన పట్టణములలో ఎమ్మారైకి సామాన్యముగా ఎక్కించునది గడోలినియపు మందే.

పంచాయతీ సభ్యులు తమ గ్రామస్థులకు ఈ క్రింది సంగతులు చెప్పుట మేలు:

ఒకటి: మూత్రపిండముల జబ్బు, మధుమేహము, పూర్వము మందులు పడకపోవుట, గర్భము మున్నగునవి ఉన్నచో సంతకమునకు ముందే చెప్పవలెను. రక్తములోని క్రియాటినిన్ పరీక్ష కాగితమును వెంట తీసికొని పోవలెను.

రెండు: ఎక్కించు మందు పేరేమి, అది లేకుండ చిత్రము చాలదా అని అడుగుటలో తప్పు లేదు. అడుగుట రోగి హక్కు.

మూడు: ఎమ్మారై అయస్కాంతము ఎల్లప్పుడు పని చేయుచునే యుండును. మొలత్రాటి తాయెత్తు, మెట్టెలు, నగలు, తాళపు చెవులు బయటనే ఉంచవలెను. గుండెకు యంత్రము అమర్చినవారు, కంటిలో ఇనుప రవ్వ పడిన కమ్మరులు, వెల్డింగు పనివారు ఆ సంగతి తప్పక చెప్పవలెను.

నాలుగు: రక్తహీనతకై ఇనుమును నరము ద్వారా ఎక్కించుకొనినవారు ఆ తేదీని స్కానింగు వారికి తెలుపవలెను. ఇట్టి మందులలో కొన్నిటి ఇనుము కాలేయములో కొన్ని వారములు, నెలలు నిలిచి చిత్రమును మార్చును.

ఐదు: ఈ శాస్త్రమునకును, సంతలలో అమ్ము అయస్కాంత కంకణములకును ఏ సంబంధమును లేదు. కంకణము శోథమును చూపదు, తగ్గింపదు.

ప్రతి క్రొత్త సాధనమును భయముతో తిరస్కరించుటయు, గ్రుడ్డిగా నమ్ముటయు రెండును నష్టకరములే. దేహములోని దాగిన నిప్పును చూపు సాధనము సిద్ధమగుచున్నది. అది అందరకు అందువరకు, ఉన్న పరీక్షలను తెలిసి వాడుకొనుటయు, ఆసుపత్రి గడపలో బెదరి నిలిచిన కుటుంబమునకు నాలుగు మాటలు చెప్పి ధైర్యమిచ్చుటయు మన చేతిలోని పని. పంచాయతీ సభ్యులు ఈ బాధ్యతను వహింతురని ఆశించుచున్నాము.